టిఫిన్ బండి వెనక లైట్లకి రెండో బ్యాటరీ: వైరింగ్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

బజ్జీబండి_గుంటూరు

అందరికీ నమస్తే అండి. మాది పెదకాకాని. పికప్ బండి (డీజిల్, బీఎస్6) వెనక స్టీలు కౌంటరు కట్టించి సాయంత్రం పూట గుంటూరు ఇన్నర్ రింగ్ రోడ్డు పక్కన పునుగులు, మిర్చి బజ్జీ, దోసెలు వేస్తున్నాం, నేనూ మా ఆవిడా. ఐదున్నరకి మొదలుపెడితే పదిన్నరకి కట్టేస్తాం.

ఇన్నాళ్లూ పక్క షాపు నుంచి వైరు లాక్కుని నెలకి ఇంతని ఇచ్చేవాళ్లం. ఆ షాపు ఖాళీ చేశారు. దాంతో తెలిసినతన్ని పిలిచి బానెట్లో ఉన్న బండి బ్యాటరీ నుంచి వెనక్కి ఇంటికి వాడే 1.5 ఎంఎం వైరు లాగించాను. వెనక 300 వాట్ల చిన్న ఇన్వర్టరు, దానికి ఆరు ఎల్‌ఈడీ బల్బులు, స్టాండు ఫ్యాను, ఫోన్ ఛార్జరు, డబ్బులు పడ్డాయని అరిచే ఆ డబ్బా. ఎనిమిదింటికల్లా ఇన్వర్టరు కుయ్ కుయ్ మంటోంది. ముందుకెళ్లి బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 12.2 చూపిస్తోంది, అంటే బానే ఉన్నట్టే కదా?

పోయిన శనివారం కట్టేసి సెల్ఫ్ కొడితే టక్ టక్ టక్ అంతే. నలుగురు కస్టమర్లు దిగి నెట్టారు. అందులో ఒకాయన ఒక చేత్తో బజ్జీ ప్లేటు పట్టుకునే రెండో చేత్తో నెట్టాడు. నవ్వొచ్చింది కానీ మా ఆవిడ ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

బ్యాటరీ షాపతను 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇస్తుందన్న లెక్క) ట్యూబులర్ బ్యాటరీ (ఇంటి ఇన్వర్టర్లకి వాడే రకం), వెయ్యి వీఏ ఇన్వర్టరు, మధ్యలో ఐసోలేటర్ రిలే (రెండు బ్యాటరీలని కలిపి, విడదీసే స్విచ్చు), ముందు నుంచి వెనక్కి 16 ఎంఎం కేబులు వేయించమంటున్నాడు. అలా చేస్తే మిక్సీ కూడా నడుస్తుందంట (మాది 750 వాట్లు, అల్లం పచ్చడి అక్కడికక్కడే తిప్పాలని ఆశ). ఇంత అవసరమా? వైరు ఎంత లావు వేయాలి, ఫ్యూజు ఎక్కడ పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రిబండి_ఏలూరు

నేను అదే పెట్టా అన్నా, ట్యూబులర్. రెండేళ్ల నుంచి ఏ టెన్షనూ లేదు. కాకపోతే బరువు. యాభై కిలోలు దాటుతుంది, మలుపుల్లో తెలుస్తుంది. కళ్లు మూసుకుని పెట్టించెయ్.

సోలార్_సాయి_కాదు

పైన సోలార్ ప్యానెల్ వేస్తే సరిపోతుంది కదా, ఎండ ఫ్రీ.

బజ్జీబండి_గుంటూరు

బండి పగలంతా వేపచెట్టు కింద ఉంటుందండి. ఎండలో పెడితే రేకు వేడికి సామాను ముట్టుకోలేం.

ఆటోనగర్_వైరింగ్

తమ్ముడూ, 1.5 ఎంఎం వైరు వేసినతన్ని ఇంకోసారి బండి దగ్గరికి రానివ్వకు. 230 వోల్టుల బల్బుకి అది ఎక్కువే. 12 వోల్టుల దగ్గర అదే పని చేయాలంటే కరెంటు ఇరవై రెట్లు పారుతుంది, వాళ్లు ఆలోచించనిది అదే. షాపులో 4 ఎంఎం, 6 ఎంఎం అంటే వైరు మందం కాదు, లోపలి రాగి వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో.

ముందు చెయ్యాల్సింది ఒకటే. వెనక ఏమేం నడవాలో ఒక్కోటీ వాట్లతో కాగితం మీద రాయి. బ్యాటరీ సంగతి తర్వాత. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది బ్యాటరీ కొనుక్కునే వస్తారు. మెడకి కొలత తీయకుండా చొక్కా కుట్టించినట్టు ఉంటుంది యవ్వారం.

ఇంకోటి, నీ ఎర్త్ వైరు ఎక్కడ బిగించాడు? బ్యాటరీ నెగెటివ్ మీదే పెట్టుంటే తీసెయ్. బీఎస్6 బళ్లలో చాలావాటికి ఆ క్లాంపు మీద చిన్న సెన్సరు ఉంటుంది, బ్యాటరీలోకి ఎంత పోతోంది ఎంత వస్తోంది అని లెక్కపెడుతుంది. నువ్వు దాన్ని దాటేసి తీసుకుంటే బండికి లెక్క తెలీదు. చాసిస్‌కి బిగించాలి, పెయింటు గీకి, లగ్గు (వైరు చివర బిగించే లోహపు కన్ను) వేసి.

బజ్జీబండి_గుంటూరు

అన్నా, రాశాను. 9 వాట్ల బల్బులు ఆరు, 54. ఫ్యాను 55. ఫోను, డబ్బా కలిపి ఒక 12 అనుకుందాం. మొత్తం 121. ఎర్త్ బ్యాటరీ మీదే ఉంది. సెన్సరు కూడా ఉంది, ఇప్పుడే చూశా.

లెక్కల_టీచరమ్మ

బాబూ, మీ ఇన్వర్టరు ఎందుకు కూస్తోందో ఈ అంకెల్లోనే ఉంది. 121 వాట్లు, ఇన్వర్టరు తను తినేది కూడా కలిపితే ఓ 140. దాన్ని 12తో భాగిస్తే దాదాపు 12 ఆంపియర్లు. ముందు నుంచి వెనక్కి 5 మీటర్లు అనుకుందాం, కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, అంటే 10 మీటర్ల వైరు. 1.5 ఎంఎం రాగి వైరు మీటరుకి సుమారు 0.013 ఓములు. పది మీటర్లకి 0.13. పన్నెండుతో గుణిస్తే 1.6 వోల్టులు దారిలోనే వేడి కింద పోతున్నాయి. బ్యాటరీ దగ్గర 12.2, ఇన్వర్టరు దగ్గరికి చేరేసరికి 10.6. చాలా ఇన్వర్టర్లు ఆ చుట్టుపక్కలే అరవడం మొదలుపెడతాయి. మీకు కావాలంటే లైట్లన్నీ వేసి ఉంచి ఇన్వర్టరు పిన్నుల దగ్గరే మీటరు పెట్టి చూడండి. లోడు లేకుండా కొలిస్తే ఏమీ తెలీదు.

అలాగని 12.2 అంటే బానే ఉన్నట్టు కాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ కాసేపు ఏ లోడూ లేకుండా ఉన్నాక 12.6, 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.9 అంటే ఇక అడుగంటినట్టే. రోజూ 12 ఆంపియర్లు ఐదు గంటలు, 60 ఏహెచ్ లాగుతున్నారు. బండి బ్యాటరీ ఎంతది? దాని మీద రాసి ఉంటుంది.

బజ్జీబండి_గుంటూరు

75 అని ఉందండి. ఇప్పుడు అర్థమైంది శనివారం ఎందుకు నెట్టించుకుందో. ఆ రోజు రద్దీ, పదకొండున్నర దాకా ఉన్నాం.

ఆటోనగర్_వైరింగ్

అమ్మ లెక్క కరెక్టు. ఇప్పుడు నా మాట విను. ఆ ఇన్వర్టరు పక్కన పెట్టి 12 వోల్టుల డీసీ బల్బులు, 12 వోల్టుల బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటు తినే మోటారుది) తీసుకో. ఫ్యాను 25 వాట్లలోపే వస్తుంది, గాలి ఏం తగ్గదు. బల్బులు కూడా ఆరు ఎందుకు, నాలుగు చాలు, పెనం మీద ఒకటి, మూకుడు మీద ఒకటి, కౌంటరు మీద రెండు. 36, 25, 12, మొత్తం 73 వాట్లు. ఆరు ఆంపియర్లు. ఐదు గంటలకి 30 ఏహెచ్. సగానికి సగం తగ్గింది, ఇంకా రూపాయి బ్యాటరీ కొనలేదు.

లెడ్ యాసిడ్‌ని సగం కన్నా కిందికి తీయకూడదు, కాబట్టి 75 ఏహెచ్ చాలు. 150 అక్కర్లేదు. ట్యూబులర్ దొరికితే తీసుకో, మామూలు బండి బ్యాటరీ సెల్ఫ్ కొట్టడానికి పుట్టింది, రోజూ సగం దాకా పిండితే ఏడాది కూడా నిలవదు.

వైరింగ్: బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపు 30 ఆంపియర్ల ఫ్యూజు, అక్కణ్ణుంచి 6 ఎంఎం వైరుతో ఆరు దారుల బ్లేడ్ ఫ్యూజు పెట్టె, అందులోంచి లైట్లకి ఒకటి, ఫ్యానుకి ఒకటి, యూఎస్‌బీకి ఒకటి, మూడు ఖాళీగా ఉంచు, ఎలాగూ ఏదో ఒకటి తగిలిస్తావు. ఒక్కోదానికి 2.5 ఎంఎం మల్టీస్ట్రాండ్, 7.5 లేదా 10 ఆంపియర్ల ఫ్యూజు (10 అంటే ఎర్రది). మెలిపెట్టి టేపు చుట్టే జాయింట్లు ఒక్కటి కూడా వద్దు. లగ్గు వేసి క్రింపింగ్ ప్లయరుతో నొక్కి పైన స్లీవు వేడి చెయ్యి. నూనె ఆవిరికి టేపు జిగురు మూడు నెలల్లో కారిపోతుంది, పట్టుకుంటే చేతికి నల్లగా అంటుకుంటుంది, చూసే ఉంటావు.

ముందు బ్యాటరీకి, దీనికి మధ్య ఐసోలేటరు. అంటే ఇంజను నడుస్తూ వోల్టేజీ 13.3 దగ్గరికి వస్తే రెండూ కలుస్తాయి, ఇంజను ఆపాక 12.8కి దిగితే విడిపోతాయి. అప్పుడు వెనక ఎంత వాడినా సెల్ఫ్‌కి ఢోకా లేదు. దానికి 16 ఎంఎం కేబులు, రెండు చివర్లా ఫ్యూజు.

పెళ్లిసౌండ్_తెనాలి

రెండు చివర్లా ఫ్యూజు అన్న మాట దగ్గర ఆగి ఇంకోసారి చదువుకో బ్రో. మా బాబాయికి సౌండు బండి ఉండేది. ముందు నుంచి వెనక యాంప్లిఫయరు దాకా కేబులు లాగించాడు, ఫ్యూజు యాంప్లిఫయరు దగ్గర పెట్టించాడు. ‘కాపాడాల్సింది దాన్నే కదా, పాతిక వేలు పెట్టాం’ అన్నాడు. ఆ కేబులు ఫ్లోరు రేకుకి కన్నం పెట్టి దాంట్లోంచి పైకి తీశారు, రబ్బరు బుష్ వేయలేదు. రేకు అంచు కత్తిలా ఉంటుంది కదా, బండి ఊగినప్పుడల్లా కొంచెం కొంచెం కోసింది.

ఊరేగింపులో ఉండగా ప్లాస్టిక్ కాలిన వాసన. అందరం మతాబుల వాసన అనుకున్నాం. తర్వాత చూస్తే సీటు కింది నుంచి తెల్ల పొగ. కేబులు మొత్తం ఎర్రగా కాలి పైన తొడుగు మైనంలా కారుతోంది, ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకు పోతుంది, షార్టయింది దానికంటే ముందు కదా. బాబాయి స్పానరు తెచ్చి టెర్మినల్ విప్పేలోపు చెయ్యి కాలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఫ్యూజు ఉండేది సామాను కోసం కాదు, వైరు కోసం. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడే ఉండాలి. రెండు బ్యాటరీలు కలిపితే రెండు వైపుల నుంచీ కరెంటు వస్తుంది కాబట్టి రెండు.

డాలస్_వ్యాన్

నేను అమెరికాలో వ్యాన్ వెనక మంచం, ఫ్రిజ్ పెట్టుకుని తిరుగుతుంటాను, ఈ పని రెండుసార్లు చేశాను. ఐసోలేటర్ రిలే పాత బళ్లకి బాగుంటుంది. కొత్త బళ్లలో ఆల్టర్నేటరుని కంప్యూటరు నడుపుతుంది, డీజిల్ ఆదా కోసం మధ్యలో వోల్టేజీ తగ్గించేస్తుంది, అప్పుడు రిలే విడిపోతుంది, వెనక బ్యాటరీ ఎప్పటికీ నిండదు. నా దగ్గర డీసీ టు డీసీ ఛార్జరు ఉంది, 30 ఆంపియర్లది. ముందు ఎంత వచ్చినా వెనక బ్యాటరీకి కావాల్సినంత చేసి ఇస్తుంది.

లిథియం బ్యాటరీ (ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) వైపు చూడండి. 50 ఏహెచ్‌ది ఆరు కిలోలకి అటూ ఇటూ, 80 శాతం దాకా వాడుకోవచ్చు, అంటే మీ 30కి సరిపోతుంది. కానీ దాన్ని రిలేతో నేరుగా ఆల్టర్నేటరుకి కలపొద్దు. లెడ్ యాసిడ్ తనకి చాలనగానే తగ్గించుకుంటుంది, ఇది దొరికినంతా లాగేస్తుంది, ఐడిల్‌లో ఉంటే చల్లబరిచే గాలి లేక ఆల్టర్నేటరు కాలుతుంది.

లెక్కల_టీచరమ్మ

అందరూ బాగా చెప్పారు కానీ ఒక్క సంగతి ఎవరూ అడగలేదు. బజ్జీబండి గారూ, మీరు రోజుకి బండి ఎంతసేపు నడుపుతారు?

బజ్జీబండి_గుంటూరు

వెళ్లడం ఇరవై నిమిషాలు, రావడం ఇరవై నిమిషాలు. రాత్రి రోడ్డు ఖాళీ, ఇంకా తక్కువే. పొద్దున సామాను తేవడానికి స్కూటీ మీద పోతాను.

లెక్కల_టీచరమ్మ

అదీ. నలభై నిమిషాలు. వెనక బ్యాటరీలోకి 25 ఆంపియర్లు నిలకడగా వెళ్తాయి అనుకుందాం (వెళ్లవు, నిండేకొద్దీ తగ్గిపోతాయి). నలభై నిమిషాలకి 17 ఏహెచ్ కూడా పడదు. వాడేది 30. రోజుకి 13 అప్పు. మూడు రోజుల్లో మళ్లీ చీకట్లోనే. అటు లెడ్ యాసిడ్ ఎప్పుడూ పూర్తిగా నిండకుండా ఉంటే ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకుని బ్యాటరీయే పోతుంది.

కాబట్టి ఎలాగూ రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టాల్సిందే. ఎలాగూ పెట్టేటప్పుడు ఆ 16 ఎంఎం కేబులు, ఐసోలేటరు, రెండు పెద్ద ఫ్యూజులు, ఇవన్నీ ఎవరి కోసం? వెనక బ్యాటరీకి ముందు బ్యాటరీతో సంబంధమే పెట్టకండి. ఒక్క తీగ కూడా. ఎర్త్ కూడా చాసిస్‌కి వద్దు, ప్రతిదానికీ రెండు వైర్లు, ప్లస్సూ మైనస్సూ, మీ ఫ్యూజు పెట్టె దగ్గరికే రావాలి. రాత్రి ఇంటికొచ్చాక 10 ఆంపియర్ల ఛార్జరు గోడ ప్లగ్గులో పెట్టండి, పొద్దుటికి నిండిపోతుంది. కరెంటు బిల్లు భయం వద్దు, రోజుకి ఒక యూనిట్ దాటదు.

డాలస్ గారు రోజుకి వందల మైళ్లు నడుపుతారు, ఆయనకి ఇంజనే ఛార్జరు. మీ బండి ఐదు గంటలు ఒకే చోట నిలబడటానికే పుట్టింది.

డాలస్_వ్యాన్

ఒప్పుకుంటున్నా మేడమ్. నేను నా బండి గురించే ఆలోచించాను.

ఆటోనగర్_వైరింగ్

అమ్మ చెప్పింది చేస్తే నాకు వచ్చే పని సగం పోతుంది కానీ, కరెక్టే. పైగా కంపెనీ హార్నెస్ (బండితో వచ్చిన వైరింగ్) జోలికి పోనక్కర్లేదు. ఏదైనా అయితే ‘మీరు వైరు కోశారు, వారంటీ లేదు’ అనే మాట రాదు. ఒక్కటే షరతు, మతిమరుపు ఉండకూడదు.

గ్యాసు సంగతి ఎవరూ ఎత్తలేదు, అది నేను చెప్తా. నీ దగ్గర 19 కిలోల సిలిండరు ఉంటుంది కదా, ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, ఫ్లోరు మీదే పరుచుకుంటుంది. నువ్వు బ్యాటరీ, ఫ్యూజులు, స్విచ్చులు సిలిండరు పక్కనే ఫ్లోరు మీద పెడితే ఒక్క రవ్వ చాలు. అందుకని బ్యాటరీ లోపల వద్దు. బాడీ బయట పక్కన, చాసిస్ మీదికి యాంగ్లర్లు కొట్టించి తాళం వేసే రేకు పెట్టె చేయించుకో. లెడ్ యాసిడ్ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, అది తేలిక, పైకి పోతుంది, కాబట్టి పెట్టెకి పై అంచున కన్నాలు ఉండాలి. ఛార్జింగ్ పెట్టినప్పుడు మూత తెరిచి ఉంచు. స్విచ్చులు నడుం ఎత్తు పైన, పొయ్యికి అవతలి పక్క. మెయిన్ స్విచ్చు ఒకటి పెట్టె దగ్గర బయటే ఉంచు, లోపల గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా ముందు సిలిండరు కట్టేసి కిందికి దిగిపోవాలి.

మిక్సీ గురించి: 750 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 62 ఆంపియర్లు, ఇన్వర్టరు నష్టం కలిపితే 75. తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఇంకా ఎన్నో రెట్లు. పది నిమిషాలు తిప్పితే తినేది పన్నెండు ఏహెచే, అది పెద్ద దొంగ కాదు. కానీ ఆ పది నిమిషాల కోసం 25 ఎంఎం కేబులు, 100 ఆంపియర్ల ఫ్యూజు, వెయ్యి వాట్ల పైన ఇన్వర్టరు కావాలి, 75 ఏహెచ్ బ్యాటరీ ఆ దెబ్బకి మోకాళ్ల మీద కూర్చుంటుంది. పచ్చడి ఇంట్లో తిప్పుకుని స్టీలు డబ్బాలో తెచ్చుకో.

బజ్జీబండి_గుంటూరు

పచ్చడి ఇంట్లోనే అని మా ఆవిడ మొదటి రోజే అంది. ఇక్కడ పెడితే పెద్దవాళ్లు కూడా అదే చెప్పారని నవ్వుతోంది. సరే, వేరుగానే పెడతాను. నెల ఆగి వచ్చి చెప్తాను.

రాత్రిబండి_ఏలూరు

నేను కూడా లెక్క వేసుకున్నా. నాది రోజుకి నలభై కిలోమీటర్లు, అందుకే నడుస్తోంది కాబోలు. అన్నా, కళ్లు మూసుకోమన్నది వెనక్కి తీసుకుంటున్నా.

బజ్జీబండి_గుంటూరు

అందరికీ థాంక్స్. ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. 75 ఏహెచ్ ట్యూబులర్, బయట పెట్టె, ఫ్యూజు పెట్టె, నాలుగు బల్బులు, ఫ్యాను. వైర్లన్నీ నేనే లాగాను. ముడతల గొట్టంలో పెట్టి అరడుగుకో కేబుల్ టై వేశాను, రేకు దాటిన ప్రతిచోటా రబ్బరు బుష్ (తెనాలి బ్రో, నీ బాబాయి మచ్చ గుర్తొచ్చింది). క్రింపింగ్ మాత్రం గుంటూరు ఆటోనగర్లో చేయించాను, నా ప్లయరుతో నొక్కినవి లాగితే ఊడొచ్చాయి. రాత్రి కట్టేశాక పావుగంట ఆగి కొలిస్తే 12.3 ఉంటోంది. వైరు చివర బల్బు దగ్గర, బ్యాటరీ దగ్గర తేడా 0.15 లోపే. బండి సెల్ఫ్ ఒక్క ముక్కకి అందుకుంటోంది.

ఒకటే దెబ్బ. రెండో వారంలో ఒక రాత్రి వానకి తడిసి వచ్చి ఛార్జింగ్ పెట్టకుండా పడుకున్నాం. మర్నాడు తొమ్మిదింటికి ఫ్యాను ఆపేసి రెండు బల్బులతో లాక్కొచ్చాం. అప్పట్నుంచి మా ఆవిడ బండి తాళం చెవి ఛార్జరు ప్లగ్గు పక్కన మేకుకి తగిలిస్తోంది. స్విచ్చు వేయకుండా తాళం అక్కడ పెడితే ఊరుకోదు.